పొత్తిళ్ళ నుంచి ప్లేస్కూల్ గేటు దాకా: పసిపిల్లలతో అనుబంధం అల్లుకోవడం ఎలా?

మా పాపను రెండేళ్ళ ఎనిమిది నెలలప్పుడు ప్లేస్కూల్లో చేర్చాం. మొదటి రోజు గేటు దగ్గర ఆయమ్మ నాకు కళ్ళతోనే సైగ చేసి, "మీరెళ్ళిపోండి మేడం, నేను చూసుకుంటా" అంటూ పాపను చేపల తొట్టి వైపు తిప్పింది. పాప చూడకుండా జారుకున్నాను. ఏడుపు వినకుండా తప్పించుకున్నానని ఆటో ఎక్కాక కాస్త హాయిగా కూడా అనిపించింది. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే నా మొహం చూడలేదు. ఆ తర్వాత పది రోజులు నేను బాత్రూంకి వెళ్ళినా తలుపు బయట కూర్చుని గోకేది. వంటింట్లో ఉంటే చున్నీ కొస పట్టుకుని వెనకే తిరిగేది. అర్ధరాత్రి లేచి నేనున్నానో లేదో చేత్తో తడుముకునేది.

మా అత్తగారు ఒకటే మాట అన్నారు. "చెప్పి వెళ్తే ఏడుస్తుంది, చెప్పకుండా వెళ్తే బెంగ పెట్టుకుంటుంది. ఏడుపయితే గంటలో పోతుందమ్మా."

అప్పటిదాకా పిల్లలతో అనుబంధం అంటే ఎప్పుడూ పక్కనే ఉండటం, ఎప్పుడూ నవ్వుతూ ఉండటం అనుకునేదాన్ని. ఏ తల్లీ తండ్రీ అలా ఉండలేరు, ఉద్యోగం చేసేవాళ్ళు అసలే ఉండలేరు. పిల్లకి కావలసింది మీరు దూరమైనా, విసుక్కున్నా, మళ్ళీ తన దగ్గరికి వస్తారన్న నమ్మకం. కింద రాసిన అడుగులన్నీ ఆ నమ్మకాన్ని వయసు ప్రకారం ఎలా కుదర్చాలో చెప్పేవే.

అడుగు 1: ఏడిస్తే ఎత్తుకోండి (పుట్టినప్పటి నుంచి 6 నెలలు)

"ఊరికే ఎత్తుకోకు, ఎత్తు మరుగుతుంది" అని పురిటింట్లో కనీసం ముగ్గురు చెబుతారు. చెప్పేవాళ్ళది దురుద్దేశం కాదు. బాలింత నడుం విరిగిపోతుందనే వాళ్ళ బాధ. కానీ ఆరు నెలల్లోపు బిడ్డకు మనల్ని ఆడించాలన్న ఎత్తుగడ ఉండదు. ఆకలి, తడి, నొప్పి, నిద్ర, ఒంటరితనం, అన్నిటికీ ఒకటే భాష, ఏడుపు.

మేరీ ఐన్స్‌వర్త్, సిల్వియా బెల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని బాల్టిమోర్‌లో 26 మంది తల్లీబిడ్డలను వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి ఏడాది పాటు గమనించారు. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారని 1972లో రాశారు. నిజం చెప్పాలంటే, తర్వాత నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలో ఫలితం ఇంత సూటిగా రాలేదు. కాబట్టి నిద్రలో కాస్త నసిగినా లైటు వేసి ఎత్తేయక్కర్లేదు. అర నిమిషం చూడండి, కొన్నిసార్లు తనే సర్దుకుంటుంది. గుక్కపట్టి ఏడుస్తుంటే మాత్రం ఆగకండి.

ఎత్తుకున్నాక చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ఒంటికి ఆనించుకోండి, గొంతు తగ్గించి ఒకే మాట పదేపదే అనండి, నెమ్మదిగా నడవండి. బిడ్డ చర్మం మీ చర్మానికి తగిలేలా ఛాతీ మీద పడుకోబెట్టుకుని, పైన దుప్పటి కప్పుకోవడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. దీన్నే కంగారూ సంరక్షణ అంటారు. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగొటాలో నెలలు నిండని పిల్లలకు ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు పాతిక శాతం తగ్గాయని, మన దేశంతో సహా అయిదు దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో తేల్చింది. నెలలు నిండిన పిల్లలకూ ఇది హాయే. నాన్న ఛాతీ అయినా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: మీకు కునుకు పడుతుంటే బిడ్డను పక్కన వెల్లకిలా పడుకోబెట్టేయండి. సోఫాలో బిడ్డతో పాటు నిద్రపోవడం ప్రమాదం.

సిజేరియన్ అయి మొదటి గంట బిడ్డను చూడలేకపోయినవాళ్ళు, బిడ్డ ఐసీయూలో ఉండి వారం దూరమైనవాళ్ళు, ఇక బంధం కుదరదేమోనని కుమిలిపోతుంటారు. మనుషులకు అలాంటి గడువేమీ లేదు. మొదటి రోజు చూడగానే ప్రేమ పొంగుకు రాలేదని సిగ్గుపడే తల్లులూ ఉంటారు, పైకి చెప్పరు. చాలామందికి అది చాకిరీ చేస్తూ చేస్తూ వస్తుంది.

ఏడుపు ఆరో వారం చుట్టూ బాగా ఎక్కువై, తర్వాత తగ్గుతుంది. ఎంతకీ ఆపకపోతే, మీ చేతులు వణుకుతున్నంత కోపం వస్తే, బిడ్డను మంచం మధ్యలో కాకుండా ఉయ్యాలలోనో నేల మీద పరుపు మీదనో పడుకోబెట్టి అయిదు నిమిషాలు గది బయటికి రండి. బిడ్డను ఎప్పుడూ ఊపి కుదపకండి, మెదడుకు దెబ్బ తగులుతుంది. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, దాటినా అది బుజ్జగింపుతో తీరేది కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

అడుగు 2: స్నానం పని ఒకరికి పూర్తిగా అప్పజెప్పండి

మన ఇళ్ళలో బిడ్డకు రోజూ దొరికే గొప్ప సమయం నూనె మర్దన, లాలపోసుకోవడం. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, మోకాళ్ళ మీద బిడ్డను బోర్లా వేసుకుని, నడుం దగ్గర నుంచి పాదాల దాకా నూనె రాస్తుంటే బిడ్డ కళ్ళు సగం మూసుకుని అలా ఉండిపోతుంది. ఆ ఇరవై నిమిషాలు టీవీ కట్టేయండి. ఏం చేస్తున్నారో చెబుతూ చేయండి: "ఇదిగో చెయ్యి రాస్తున్నా, ఇప్పుడు నీళ్ళు పోస్తున్నా, కళ్ళు మూసుకో." మాటలు అర్థం కావు కదా అనుకోవద్దు. నీళ్ళు పడేముందు ఒక మాట వినపడుతుందని నాలుగో రోజుకి తెలిసిపోతుంది, ఒళ్ళు బిగించడం తగ్గుతుంది.

బిడ్డ కూడా మీతో మాట్లాడుతూ ఉంటుంది. తల పక్కకు తిప్పేయడం, ఆవలింతలు, వేళ్ళు బాగా చాపేయడం, వీపు విల్లులా వంచడం, ఇవన్నీ "ఇక చాలు" అనడమే. చాలన్నప్పుడు ఆపడమే మర్యాద. ముక్కు లాగడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయడం మానేయండి. సాంబ్రాణి పొగ కూడా పసి ఊపిరితిత్తులకు పడదు. పెద్దవాళ్ళు నొచ్చుకుంటే సాంబ్రాణి పక్క గదిలో వేయమనండి.

ఇక నాన్న సంగతి. తొలి కాన్పు పుట్టింట్లో. నాన్న ఆదివారం వచ్చి, బిడ్డను ఓసారి ఎత్తుకుని, ఫొటో దిగి, ఏడవగానే అమ్మమ్మకి ఇచ్చేసి వెళ్తాడు. అయిదో నెలలో బిడ్డ ఇంటికొచ్చాక "నా దగ్గరికి రావట్లేదేంటి" అంటాడు. అది బిడ్డ తప్పా? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు పితృత్వ సెలవు 15 రోజులే. ప్రైవేటులో ఎంతనేది కంపెనీ దయ. తల్లికి ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత 26 వారాలు. ఈ తేడాను మనం మార్చలేం గానీ, ఒక పని పూర్తిగా నాన్నకు అప్పజెప్పొచ్చు. సాయం చేయడం కాదు, మొత్తం పని. సాయంత్రం స్నానమో, రాత్రి నిద్రపుచ్చడమో. మొదటి వారం బిడ్డ ఏడుస్తుంది, నాన్న చెమటలు కక్కుతాడు. అమ్మ ఆ గదిలోకి తొంగిచూడకుండా ఉండటమే కష్టమైన భాగం.

1964లో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలను గమనించారు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒకరికి కాదు, ఇద్దరు ముగ్గురికి మాలిమయ్యారు. ఎవరు పాలుపట్టారు, ఎవరు ఎక్కువసేపు ఇంట్లో ఉన్నారు అన్నదానికన్నా, ఎవరు పలికారు, ఎవరు ఆడారు అన్నదే పనిచేసింది. బిడ్డ నానమ్మకు దగ్గరైతే మనకు దూరమవుతుందన్న లెక్క తప్పు.

అడుగు 3: పలికితే పలకండి

బిడ్డ "ఊ..." అంటుంది. మీరు "ఊఁ, ఏంటమ్మా?" అంటారు. ఆగుతారు. అది మళ్ళీ "అగ్గూ" అంటుంది. మీరు కళ్ళు పెద్దవి చేసి "అవునా!" అంటారు. ఇదంతా ఆటలా కనిపిస్తుంది గానీ భాషకూ భావాలకూ ఇదే పునాది. కిటుకల్లా ఆగడంలో ఉంది. మనం గలగలా మాట్లాడేస్తే బిడ్డకు వంతు రాదు. అడిగాక మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి.

పలకకపోతే ఏమవుతుందో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970ల్లో చూపించాడు. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ఎదురుగానే కూర్చుని, మొహంలో ఏ భావమూ లేకుండా చూస్తూ ఉంటుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది. ఏదీ పారకపోతే మొహం తిప్పేసుకుని ఏడుస్తుంది. తర్వాతి కాలంలో ఫోను చూస్తూ కూర్చున్న తల్లులతోనూ ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. రీల్స్ చూసేటప్పుడు మన మొహం ఎలా ఉంటుందో ఒకసారి అద్దంలో చూసుకుంటే చాలు.

ఫోను మొత్తం మానేయమని చెప్పను, నేనే మానలేదు. మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉంది. ఆఫీసు నుంచి రాగానే ఫోను చెప్పుల స్టాండు మీద పెట్టి, చెయ్యి కడుక్కుని, పావుగంట నేల మీద కూర్చోవడం. ఆ పావుగంట ఆట పాపది. గిన్నెలు మూతలు మారుస్తుంటే నేనూ మార్చాలి. "ఇది ఏ రంగు? ఆవు ఎలా అరుస్తుంది?" లాంటి పరీక్షలు ఉండవు. "పెద్ద గిన్నెకి చిన్న మూత పెట్టావే, పడిపోయింది" అని చూసింది చెప్పడం వరకే. మొదట్లో బోరు కొడుతుంది. కొట్టనివ్వండి.

పిల్లలకు స్క్రీన్ సంగతిలో లెక్క తేలిగ్గానే గుర్తుంటుంది. రెండేళ్ళ లోపు వద్దు, రెండు నుంచి అయిదేళ్ళ దాకా రోజుకు గంట మించొద్దు అని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. బంధువులతో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అక్కడ తెర అవతల మనిషి బిడ్డ పలికినదానికి జవాబిస్తాడు కాబట్టి. అమెరికాలో మనవల్ని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వెళ్ళి ఆరు నెలలకు తిరిగొచ్చేసే అమ్మమ్మలకు ఇది పనికొస్తుంది. వాళ్ళు తిరిగొచ్చేసిన కొన్నాళ్ళకే బిడ్డకు ఏడెనిమిది నెలలొస్తాయి, బెంగకు అది మొదలు. ఊరికే "హాయ్ చెప్పు" అనకుండా, అక్కడ ఉన్నప్పుడు ఆడిన ఆటే తెర మీదా ఆడండి. అదే కొంగుతో దాక్కోవడం, అదే ముద్దలు కలపడం.

అడుగు 4: కనిపించకపోయినా ఉంటానని ఆటలో చెప్పండి (7 నుంచి 18 నెలలు)

ఎనిమిదో నెల వచ్చేసరికి, నిన్నటిదాకా అందరి దగ్గరికీ వెళ్ళిన పిల్ల పక్కింటి ఆంటీని చూసి గుక్కపెట్టి ఏడుస్తుంది. చెడిపోయింది అనుకోకండి. తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలిసింది. "ఏడవకు, ఆంటీ ఏం చేస్తుంది" అంటూ చేతుల్లో పెట్టేయకండి. మీ చంకలోంచే చూడనివ్వండి. ఆంటీని కూడా మొహంలో మొహం పెట్టొద్దనండి.

మొహానికి తుండు కప్పుకుని తీసి "బూ" అనడం, తలుపు చాటు నుంచి పిలవడం, వంటింట్లో కనపడకుండా ఉన్నా "ఇక్కడే ఉన్నా, పప్పు తిరగమోత పెడుతున్నా" అని గొంతు వినిపించడం, ఇవన్నీ పోయినవాళ్ళు వస్తారన్న పాఠాలే. రోజుకు పదిసార్లు ఆడండి.

అడుగు 5: పేచీలో పిల్ల పక్కన నిలబడండి (ఏడాదిన్నర నుంచి 3 ఏళ్ళు)

అరటిపండు కథ చెబుతాను. తొక్క తీసి సగానికి విరిచి ఇచ్చాను. అంతే, నేల మీద పడి దొర్లుడు. విరిచిన పండు వద్దు, అతికించాలి. ఇంకో పండు ఇస్తే వద్దు, అదే కావాలి. మా ఆయన నవ్వాడు, పిల్ల ఇంకా రెచ్చిపోయింది.

రెండేళ్ళ పిల్లకు కోపం పెద్దవాళ్ళంత వస్తుంది, దాన్ని ఆపుకునే మెదడు భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ నిమిషంలో ఉపన్యాసం ఎక్కదు. వరసగా ఇలా చేసి చూడండి:

మొదట కింద కూర్చోండి, మీ మొహం పిల్ల మొహం ఎత్తులో ఉండాలి.

ఆ భావానికి పేరు పెట్టండి. దీనికి తెలుగులో ఉన్నన్ని మాటలు వాడుకోకపోతే నష్టం మనదే. కోపం వేరు, ఉక్రోషం వేరు, అలక వేరు, చిరాకు వేరు, బెంగ వేరు. "పండు మొత్తం కావాలనుకున్నావు, అమ్మ విరిచేసింది. ఉక్రోషం వచ్చింది." మూడేళ్ళకు మా పాప "నాకు చిరాగ్గా ఉంది" అని చెప్పి మరీ బొమ్మ విసిరింది. విసరడం తగ్గడానికి ఇంకో ఏడాది పట్టింది, కానీ చెప్పింది.

హద్దు మాత్రం కదలకూడదు. కొడుతుంటే చెయ్యి పట్టుకుని "కొట్టనివ్వను, నొప్పి" అనండి, అంతే. అతికించిన పండు ఇవ్వలేం. ఏడుపు ఆపడానికి ఫోను ఇచ్చారా, రేపు పేచీ అక్కడి నుంచే మొదలు.

తర్వాత ఉండండి. దగ్గరికి రానిస్తే ఎత్తుకోండి, తోసేస్తే రెండడుగుల దూరంలో కూర్చోండి.

ఇక్కడే మన ఇళ్ళలో మానాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. "బూచోడికిచ్చేస్తా", "పోలీసు పట్టుకుపోతాడు", "ఇలా చేస్తే అమ్మ వెళ్ళిపోతుంది", ఆఖరికి సరదాగా అనే "నిన్ను తవుడు పోసి కొన్నాం" కూడా. మనకది హాస్యం. రెండేళ్ళ పిల్లకు హాస్యం, వార్త రెండూ ఒకటే. చెల్లో తమ్ముడో పుట్టిన ఇంట్లో "ఇక నిన్నెవరూ చూడరు" అని చుట్టాలు అంటే వాళ్ళ ముందే ఖండించండి, మొహమాటపడకుండా.

అడుగు 6: తెగితే ముడి వేయండి

కొట్టాను. ఒకసారి. ఆఫీసు కాల్‌లో ఉండగా పాప నా లాప్‌టాప్ మీద పాలు పోసింది. వీపు మీద దెబ్బ పడింది. పాప ఏడవలేదు, గోడవైపు తిరిగి కూర్చుంది. అది ఏడుపుకన్నా భయంగా ఉంది.

ఎంత మంచి తల్లీబిడ్డల మధ్య కూడా సమయంలో దాదాపు మూడో వంతు మాత్రమే సరిగ్గా తాళం కుదురుతుందని ట్రానిక్ పరిశీలనల్లోనే తేలింది. మిగతాదంతా తప్పడం, సర్దుకోవడం. తప్పడం గురించి మనం పడే బాధలో సగం సర్దుకోవడం మీద పెడితే బాగుంటుంది. ముందు మీ ఊపిరి నెమ్మదించాలి, మంచినీళ్ళు తాగండి. తర్వాత వెళ్ళి కింద కూర్చుని, చేసిన పని చెప్పండి: "అమ్మ నిన్ను కొట్టింది. అది తప్పు. నొప్పి పుట్టింది కదా. సారీ." "కానీ నువ్వు కూడా..." అని ఆ వెనకే తగిలించకండి, పాల సంగతి అరగంట తర్వాత మాట్లాడొచ్చు. చాక్లెట్ కొనివ్వకండి. దగ్గరికి రావడానికి సమయం తీసుకుంటే తీసుకోనివ్వండి. తర్వాత ఇద్దరం కలిసి గుడ్డతో పాలు తుడిచాం.

అడుగు 7: మీరెలా ఉన్నారు?

కాన్పయ్యాక మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోయినా, అది కాన్పు తర్వాతి డిప్రెషన్ కావచ్చు. దిష్టి తీస్తే పోదు, మందు ఉంది. కేంద్రం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనో బిడ్డకు ఏదైనా చేయాలనో ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.

బిడ్డ వైపు నుంచీ చూడాల్సినవి ఉన్నాయి. మూడు నెలలకూ మొహం చూసి నవ్వకపోవడం, ఏడాదికీ పేరు పిలిస్తే తిరగకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వీటిని "మగపిల్లలకి ఆలస్యమేలే" అని వదిలేయకండి. పెంపకం లోపమనీ అనుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించండి.

అడుగు 8: చెప్పి వెళ్ళండి, చెప్పిన వేళకు రండి

మన భాషలో "వెళ్తా" అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలి. పిల్లలకైతే ఆ "వస్తా" భాగమే ముఖ్యం. పదో రోజు తర్వాత ప్లేస్కూల్‌ను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం, ఈసారి ఇలా:

మొదటి రెండు రోజులు నేనూ లోపలే గంటసేపు కూర్చున్నాను. యాజమాన్యం మొదట ఒప్పుకోలేదు, పట్టుబట్టాను. మూడో రోజు "వెళ్ళొస్తా, నువ్వు స్నాక్స్ తినేసరికి వస్తా" అని చెప్పి అరగంట బయటికెళ్ళాను. "నాలుగింటికి వస్తా" అంటే పిల్లకి అర్థం కాదు. స్నాక్స్, నిద్ర, ఆట, ఇవే వాళ్ళ గడియారం. ఇంటి వాసన కోసం నా పాత చున్నీ ముక్క బ్యాగులో పెట్టాను. ఒక ముద్దు, ఒక మాట, వెనక్కి తిరిగి చూడకుండా నడక. ఏడుపు విని వెనక్కి వచ్చారంటే రేపు ఇంకా గట్టిగా ఏడవాలని నేర్పినట్టే. ఏడ్చింది. ఆరు రోజులు ఏడ్చింది. ఆయమ్మ పాపను ఎత్తుకుని గేటు దాకా వచ్చి చెయ్యి ఊపించేది.

ఐన్స్‌వర్త్ బాల్టిమోర్‌లో ఏడాది పిల్లల మీద ఒక ఇరవై నిమిషాల పరీక్ష కూడా పెట్టింది. కొత్త గదిలో తల్లి పిల్లను వదిలి బయటికి వెళ్ళి మళ్ళీ వస్తుంది. వెళ్ళినప్పుడు ఎంత ఏడ్చింది అన్నదానికన్నా, వచ్చాక పిల్ల ఏం చేసింది అన్నదే ఆమె ఎక్కువ చూసింది. గట్టి నమ్మకం ఉన్న పిల్లలు తల్లి దగ్గరికి వచ్చి, ఊరట పొంది, మళ్ళీ ఆటలో పడ్డారు.

రెండో వారం గురువారం నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి పాప ఇసుకలో ఉంది. నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, నా మోకాలికి మొహం ఆనించి, బ్యాగు నా చేతికిచ్చింది. ఇంటికి వెళ్దామా అనే లోపే మళ్ళీ ఇసుకలోకి పోయింది. ఇంకో పావుగంట ఆ ఎండలోనే నిలబడ్డాను.